నిప్పు లేని పొయ్యి

అత్తగారు ఓవెన్‌కి ఒప్పుకున్నారన్న వార్త కింది నుంచి మేడ మీదికి చేరేటప్పటికి, దాని వెంట రావలసిన షరతు మెట్ల మధ్యలోనే ఎక్కడో జారిపోయింది. కిందటివారం కథని అక్కడే ఆపాం. చంటివాడి పాలు వెచ్చబెట్టుకోవడానికి మేడ మీద గదిలో ఒక మైక్రోవేవ్ కావాలని చిన్నకోడలు లక్ష్మీప్రియ అడిగింది. కనకమహాలక్ష్మి గారు నాన్చి నాన్చి, ఒకరోజు పొద్దున్న అట్లు వేస్తూ తీర్పు చెప్పారు.

"వేడిచేసేదయితే తెచ్చుకోండి. వండేదయితే వద్దు. ఈ ఇంట్లో పొయ్యి ఒకటే."

ఆ మాట ఆవిడ సొంతం కాదు, భర్త సోమసుందరం గారిది. తహసీల్దారుగా రిటైరయ్యే లోపల ఆయన రావికమతం నుంచి గొలుగొండ దాకా అన్నదమ్ముల తగువులు చాలా తీర్చారు. గోడ ఆఖర్న లేస్తుంది, పొయ్యి ముందు వేరవుతుంది అంటారు. కొత్త పొయ్యి మీద పాలు పొంగించారంటే కొత్త సంసారం మొదలైనట్టే, ఆ తరవాత కోర్టుకెక్కినా కాళ్ళు పట్టుకున్నా ఒకటే అని కూడా అంటారు.

పెద్దకోడలు ఫణిశ్రీకి ఈ సిద్ధాంతంతో పేచీ లేదు. ఆ ఒక్క పొయ్యి మీదే ఆమె ఉద్యోగం ఉడుకుతోంది. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఇంక రాదులే అని పుస్తకాలు అటకెక్కించాక వచ్చిన డీఎస్సీ ఉద్యోగం. గొలుగొండ వైపు హైస్కూల్లో సైన్సు టీచరు. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. పొద్దున్న బస్సు అందాలంటే దానికి ముందే బాక్సు కట్టి ఉండాలి. ఆ బాక్సు కట్టేది అత్తగారు. మేడ మీద రెండో పొయ్యి వెలిగితే అత్తగారి చెయ్యి చంటివాడున్న వైపే పోతుంది. కింద వంట ఫణిశ్రీ నెత్తిన పడుతుంది, బస్సు ఆమె లేకుండా వెళ్ళిపోతుంది. ఇది కనిపెట్టడానికి సైన్సు చదవక్కర్లేదు.

అందుకే ఆదివారం పొద్దున్న ముగ్గురూ ఆటోలో అబీద్ సెంటర్‌కి బయల్దేరినప్పుడు, ఓవెన్ కొనడానికి వెళ్తున్నది లక్ష్మీప్రియ ఒక్కతే. ఫణిశ్రీ కాపలాకి వెళ్తోంది. అత్తగారు ఎందుకు వస్తున్నారో అప్పటికి ఎవరికీ అనుమానం రాలేదు. ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని, రెండు చేతులా దాన్ని పట్టుకుని మధ్యలో కూచున్నారు. అన్నదమ్ములిద్దరూ, ఉదయ్‌కుమారూ మౌళీ, ఇది ఆడవాళ్ళ వస్తువని తేల్చి ఇంట్లోనే ఉండిపోయారు. ఏ వస్తువు వల్ల కొంప మునుగుతుందో అది ఎప్పుడూ ఆడవాళ్ళ వస్తువే అవుతుంది.

రమణబాబు షాపులో ఫ్రిజ్‌లు దాటాక, లోపలి గోడ పక్కన ఓవెన్లు వరసగా ఉన్నాయి.

"రండమ్మగారూ. టీచర్ గారూ, రండి. మైక్రోవేవా? ముందు అది సెప్పండి, ఎంతమందికి కావాలేటి?"

"ఎనిమిదిమందిమి," అంది ఫణిశ్రీ.

"ముగ్గురికి," అంది లక్ష్మీప్రియ, దాదాపు అదే క్షణంలో.

"ఒక్కరికి చాలు," అన్నారు కనకమహాలక్ష్మి గారు.

రమణబాబు ముగ్గురి మొహాలూ చూశాడు. అమ్మకం కంటే ముందు తగువు వచ్చే బేరాలు అతనికి కొత్త కాదు. ఫణిశ్రీ మాత్రం అత్తగారి వైపు కృతజ్ఞతగా చూసింది. ఒక్కరికి అంటే చంటివాడికి. పాలసీసా పట్టేంత ఉంటే చాలునని ఒక్క ముక్కలో గీత గీసేశారు.

"లెక్క మీరు మీరు సూసుకోండి. నేను మూడు రకాలూ సూపించేస్తాను." అతను చిన్న ఓవెన్ తలుపు తీశాడు. "ఇది సోలో. పాలు, అన్నం, కూర ఏదైనా బేగి వెచ్చబడిపోతాది. దీనికి వేడిచెయ్యడమే వొచ్చు, ఎర్రగా కాల్చమంటే కాల్చదు. పక్కది గ్రిల్లు. పైన కాయిల్ ఉంటాది, పైపైన కాలుస్తాది. ఇదిగో, ఈ పెద్దది కన్వెక్షను. ఎనకాల ఫేను, హీటరు. కేకులు, బిస్కట్లు, రొట్టెలు, మీ ఇష్టం. మైక్రో ఉంటాది, గ్రిల్లూ ఉంటాది. దీన్ని ఇంట్లో పెట్టేక ఇంక వేరే పొయ్యెందుకండీ?"

ఆ ఆఖరి వాక్యం అతను అందరికీ చెప్పేదే. ఈ ముగ్గురి మధ్య మాత్రం అది పింగాణీ జాడీలా పగిలింది.

లక్ష్మీప్రియ చెయ్యి అప్పటికే కన్వెక్షన్ తలుపు మీద ఉంది. "అక్కా, వాడి పుట్టినరోజుకి ఇంట్లోనే కేకు చేసుకోవచ్చు కదా."

"కేకు చెయ్యడమంటే వండడమే కదా ప్రియా."

"ఏడాదికొకసారి అక్కా."

"పొయ్యి ఏడాదికొకసారి వెలిగించినా పొయ్యే."

"నిప్పు లేనిది పొయ్యెలా అవుతుంది? మీరే కదా సైన్సు టీచరు."

తరంగాలకీ ఉమ్మడి కుటుంబానికీ ఉన్న సంబంధం ఏ పాఠంలోనూ ఇవ్వలేదు. అత్తగారు చూసుకుంటారని ఫణిశ్రీ ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ చూసుకున్నారు కూడా. సంచీ చంకలో పెట్టుకుని, ఓవెన్ల ముందు నిలబడి, ముద్దాయిని అడిగినట్టు అడగడం మొదలుపెట్టారు.

"ఈ పెద్దదాంట్లో అన్నం అవుతాదా?"

"అవుతాదండి."

"ఒక్క మనిషికి, గుప్పెడు బియ్యం పోస్తే?"

"భేషుగ్గా."

"చారు కాగుతాదా?"

"కాగుతాదండి. పక్కన నిలబడక్కర్లేదు, అయిపోయేక అదే కూస్తాది."

"నిలబడక్కర్లేదు," అన్నారావిడ, ఆ మాటని విడిగా తీసి పక్కన పెట్టుకున్నట్టు. తరవాత, గొంతు కొంచెం తగ్గించి, "వంకాయ కాలుతాదా?"

అసలు ప్రశ్న ఇది. సోమసుందరం గారికి వంకాయ వాసన పడదు. ఆ ఇంటి గుమ్మంలోకి వంకాయ వచ్చి ఎన్నేళ్ళయిందో చెప్పగలిగిన వాళ్ళు లేరు. ఆ ఇంట్లో ఉంటూ వంకాయ కాల్చుకోవాలనుకునే వాళ్ళంటే పొయ్యి వేరు చేసుకునే వాళ్ళేనన్నమాట. లక్ష్మీప్రియ పుట్టింటి నుంచి వచ్చినప్పుడల్లా కాల్చిన వంకాయ పచ్చడి ఊసు ఎత్తుతుంది. అత్తగారు ఎర వేశారు, ఇప్పుడు చిన్నకోడలి మొహం చూస్తారు అనుకుంది ఫణిశ్రీ. ఆవిడ మాత్రం ఎవరి మొహమూ చూడలేదు. రమణబాబునే చూస్తున్నారు.

"సోలోలో వంకాయ ఉడుకుతాదండి, కాలదు. కాలాలంటే ఇదే. నూని రాసి గ్రిల్లు కింద పెట్టెయ్యండి."

అప్పుడు కనకమహాలక్ష్మి గారు సంచీలోంచి ఒక స్టీలు గిన్నె తీశారు. చిన్నది, అంచు వంగినది. ఆ ఇంట్లో గరిటె నుంచి గంగాళం దాకా ప్రతి వస్తువు మీదా సోమసుందరం గారి పేరే కొట్టించి ఉంటుంది. పెళ్ళిలో ఎవరు ఏది చదివించినా మర్నాడు పాత్రల కొట్టుకి తీసుకెళ్ళి ఆయన పేరు వేయించారట. ఈ గిన్నె మీద మాత్రం వంకర అక్షరాల్లో 'కనకం' అని ఉంటుంది. వాళ్ళమ్మ ముందే కొట్టించి ఇచ్చిందని, అందుకే మిగిలిందని ఆవిడ ఒకసారి ఫణిశ్రీకి చెప్పారు. అది బీరువా దాటి బయటికి రావడం ఫణిశ్రీ చూడ్డం ఇదే మొదలు.

"ఇది పెట్టొచ్చా?"

"మైక్రోలో స్టీలు పెట్టకూడదండి. నిప్పురవ్వలు లేస్తాయి."

"నిప్పు లేదన్నారు కదా బాబూ."

"స్టీలు పెడితే వొస్తాదండి. ఈ పెద్దదాంట్లో కన్వెక్షను నొక్కి మాత్రం పెట్టుకోవొచ్చు."

ఆవిడ గిన్నెని మళ్ళీ సంచీలో పెట్టుకున్నారు. లక్ష్మీప్రియ కన్వెక్షన్ తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు.

"పైకి సోలో ఇచ్చీండి," అన్నారు కనకమహాలక్ష్మి గారు.

అయిపోయింది. ఫణిశ్రీ గుండెల మీంచి బస్సు దిగినంత బరువు దిగింది. లక్ష్మీప్రియ వెళ్ళి ఆటోలో కూచుంది. ఆటో కదలబోతుంటే అత్తగారు, "గొడుగు మర్చిపోయేను, ఉండండి," అని దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ మళ్ళీ షాపులోకి వెళ్ళారు.

"మీకు సంతోషమేగా అక్కా," అంది లక్ష్మీప్రియ రోడ్డు వైపు చూస్తూ.

"నాకేటి సంతోషం."

"ఏదో ఒకటి ఉంటుంది లెండి."

అత్తగారు తిరిగొచ్చేసరికి చాలాసేపే పట్టింది. వచ్చినప్పుడు చేతిలో గొడుగు ఉందో లేదో, గెలిచిన ఆనందంలో ఫణిశ్రీ చూసుకోలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె కాసేపు నడుం వాల్చింది. ఆదివారం నిద్ర ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి జీతంలో భాగం. ట్రాలీ ఆటో వచ్చిన చప్పుడు, ఎవరో బరువులు మోస్తున్న చప్పుడు నిద్రలోనే వినిపించాయి. లేచి మొహం కడుక్కుని వరండాలోకి వచ్చేసరికి సోమసుందరం గారు పడక్కుర్చీలో పేపరు మొహం మీద వేసుకుని నిద్రపోతున్నారు. మెట్ల కింద ఖాళీ అట్టపెట్టెలు పడి ఉన్నాయి.

ఒకటి కాదు. రెండు.

ఒకదాని మీద సోలో బొమ్మ. రెండోదాని మీద పెద్ద ఓవెన్ బొమ్మ, దాని లోపల ఎర్రగా కాలుతున్న కేకు.

ఫణిశ్రీ మెట్లు ఎక్కిందో, మెట్లే ఆమెని ఎక్కించాయో తెలీదు. మేడ మీద గదిలో, సింకు పక్కన గ్రానైట్ బండ మీద సోలో ఓవెన్ అమాయకంగా కూచుని ఉంది. చంటివాడు, వాడి పక్కన వాళ్ళ నాన్న మౌళి, మంచం మీద నిద్రపోతున్నారు.

"ఇంకోటి ఎక్కడ?" అంది గొంతు తగ్గించి.

లక్ష్మీప్రియ బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. "అదే నేనూ అడుగుదామనుకుంటున్నాను. ఎక్కడ పెట్టుకున్నారు?"

"నేనా?"

"మరెవరు? షాపులో నాకు పెద్దది ఇవ్వొద్దనిపించి, ఫోన్ చేసి మీరు తెప్పించుకున్నారు. టీచర్ గారు కదా, రమణబాబు కాదంటాడేటి."

"ప్రియా, నాకు వేరు పొయ్యి ఎందుకు? పొద్దున్న నేను చెయ్యి కాల్చుకోకుండా బస్సెక్కుతున్నానంటే అత్తయ్య గారు ఉండబట్టే కదా."

"అత్తయ్య గారు," అంది లక్ష్మీప్రియ. "మీరు లేచేసరికి కూరలు తరిగి ఉంటాయి. ఎవరు తరిగారనుకుంటున్నారు? పోపు వేసేదాకా ఆవిడ నిలబడలేకపోతున్నారు అక్కా. గట్టు పట్టుకుని నిలబడతారు. ఒక చేత్తో వీణ్ణి ఎత్తుకుని, ఇంకో చేత్తో గరిటె తిప్పేది నేను. మీకు తెలీదు. మీకు బాక్సు మూతపెట్టి ఇస్తారు కదా."

క్లాసులో వెనక బెంచీ పిల్ల లేచి సరైన జవాబు చెప్పినట్టయింది ఫణిశ్రీకి. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తేల్లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు. దాని ప్రొబేషన్ అవ్వనీ అన్నారు."

అప్పుడు వాసన వచ్చింది. పాలు పొంగి, మాడిన వాసన. ఇద్దరూ ఒకేసారి మేడ గది తలుపు తోసి చూశారు. సోలో చల్లగా ఉంది, దాని తీగ ఇంకా ప్లగ్గులో పెట్టలేదు. ఇద్దరూ ఒకేసారి కిందికి పరిగెత్తారు. వంటింట్లో స్టౌ ఆరిపోయి ఉంది. గట్టు తుడిచినట్టే ఉంది.

వాసన పెరటి వైపు గదిలోంచి వస్తోంది.

అది అత్తగారి గది. కిందటివారం ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ గదిలో పెద్ద ప్లగ్గు బిగించి వెళ్ళాడు. మోకాళ్ళకి కాపడం పెట్టుకునే మిషనుకని చెప్పారు. అంత పెద్ద ప్లగ్గుతో కాపడం పెడితే మోకాలు మిగుల్తుందా అని అప్పుడు ఫణిశ్రీ తనలో తను నవ్వుకుంది కూడా.

తలుపు తోసింది.

పాత ట్రంకుపెట్టె మీద దుప్పటి మడిచి పరిచి, దాని మీద కన్వెక్షన్ ఓవెన్ పెట్టారు. అద్దం తలుపుకి పసుపు రాసి మూడు కుంకంబొట్లు. లోపల తిరిగే గాజుపళ్ళెం నిండా పాలు మడుగు కట్టి, అంచుల దగ్గర గోధుమరంగులో అట్టకట్టాయి. ముందు స్టూలు మీద కనకమహాలక్ష్మి గారు కూచుని ఉన్నారు. నిలబడక్కర్లేని మనిషిలా హాయిగా ఉన్నారు. చేతికందేలా ట్రంకుపెట్టె అంచున నూనె రాసిన వంకాయ ఒకటి నిగనిగలాడుతోంది.

"పొంగేయి," అన్నారు. "తూర్పుకి పొంగితే మంచిదంటారు. లోపల పళ్ళెం తిరుగుతోంది కదా, ఏ దిక్కుకి పొంగేయో తెలీలేదు. అన్ని దిక్కులకీ అనుకోవాలి."

లక్ష్మీప్రియ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫణిశ్రీ గడప మీదే ఆగిపోయింది.

"అత్తయ్య గారూ, ఈ ఇంట్లో పొయ్యి ఒకటే అన్నారు కదా."

"మీ ఇద్దరికీ ఒకటే. ఇప్పటికీ అదే మాట. అన్నదమ్ములు విడిపోడానికి వీల్లేదు. ఇది నాది."

"అంటే, రేపు పొద్దున్న..."

"రేపు పొద్దున్న ఇక్కడ కూచుని నాకొక్కదానికీ వండుకుంటాను. గుప్పెడు బియ్యం, కాసింత చారు."

"మరి మావయ్య గారు?"

"ఆయన మీ పొయ్యి వాటా. ఉమ్మడి ఆస్తి. మీరిద్దరూ పంచుకోండి."

"మోకాళ్ళు ఇంత నొప్పిగా ఉన్నాయని నాతో ఒక్కమాట చెబితే వంట మానిపించనా?" అంది ఫణిశ్రీ. అడిగింది బాధతోనో భయంతోనో, లోపల మాత్రం రేపటి బస్సు హారన్ కొడుతూనే ఉంది.

"చెబితే మానిపిస్తావమ్మా. మంచిదానివి. వంకాయ కాల్చనిస్తారా?"

కనకమహాలక్ష్మి గారు ఓవెన్‌తో ఉచితంగా వచ్చిన గాజుగిన్నె బయటికి తీసి, మిగిలిన పాలని స్టీలుగిన్నెలోకి వంచుకున్నారు. ఒక గుక్క తాగారు. పంచదార తక్కువైనట్టుంది, కొంచెం వేసుకున్నారు.

"కనకం, కాఫీ," అని వరండాలోంచి వినిపించింది.

ఆవిడ లేవలేదు. ఆ పిలుపుకి లేవకుండా కూచోవడం ఆవిడకీ కొత్తే కాబోలు, స్టూలు అంచు గట్టిగా పట్టుకున్నారు. "వెళ్ళండి ఎవరో ఒకరు. ఈ పూట ఎవరు ఇస్తే రేపట్నుంచి వాళ్ళనే పిలుస్తారు, అది గుర్తుంచుకుని వెళ్ళండి."

కోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పిల్లాడు ఏడుస్తున్నాడక్కా," అంది లక్ష్మీప్రియ. ఫణిశ్రీకి ఏ ఏడుపూ వినబడలేదు. చిన్నకోడలు మాత్రం అప్పటికే మెట్ల మీద ఉంది.

"కనకం."

పడక్కుర్చీ కిర్రుమంది. చెప్పుల చప్పుడు హాలు దాటింది, వంటింటి దగ్గర ఒక్క క్షణం ఆగి, పెరటి వైపు తిరిగింది. సోమసుందరం గారు గుమ్మంలోకి వచ్చారు. ముందు వంకాయని చూశారు, మొహం చిట్లించారు. తరవాత పసుపు రాసిన తలుపుని, పళ్ళెంలో మాడిన పాలని చూశారు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో ఇలాంటి మరకలు చూసి వాటాలు తేల్చిన మనిషి. ఆయనకి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు.

"ఎవరిదీ పొయ్యి?" అన్నారు మెల్లిగా.

ఫణిశ్రీ ఏదో ఒకటి అందామనుకుంది. వేడిచేసే మిషనే మావయ్య గారూ, పాలు కాస్త ఎక్కువ వేడెక్కాయి అంటే సరిపోతుంది. ఆయన నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. కాఫీ దొరుకుతుంది. రేపు బాక్సు మూతపెట్టి ఉంటుంది.

కనకమహాలక్ష్మి గారు చేతిలో గిన్నె ఖాళీ చేసి, తిప్పి, పేరున్న వైపు ఆయన ముందుకి చాపారు.

"పేరు కొట్టించి ఉంది. చదూకోండి."

సోమసుందరం గారు గిన్నె అందుకున్నారు. దగ్గరికి పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు. చేతితో జేబు తడుముకున్నారు. కళ్ళజోడు వరండాలో పేపరు దగ్గరే ఉండిపోయినట్టుంది. దాని కోసం వెనక్కి వెళ్ళలేదు.

"అమ్మాయ్ ఫణీ," అని గిన్నె ఆమె చేతిలో పెట్టారు. "ఏటుందో నువ్వు చదువు."

గిన్నె ఇంకా వెచ్చగా ఉంది. ఒకవైపు ఆయన, ఒకవైపు ఆవిడ. ఆ గిన్నె మీద ఏముందో ముగ్గురికీ తెలుసు. పైకి చదివితే అది తీర్పవుతుంది. ఫణిశ్రీ వంకర అక్షరాల మీద అంటిన మీగడని బొటనవేలితో తుడిచి, నోరు తెరిచింది.